మొదటి నవ్వు

పోయిన వారం కృపావతిని ప్రిన్సిపాల్ గది గుమ్మంలో నిలబెట్టి మనం వెళ్ళిపోయాం. ఇవాళ లోపలికి తీసుకెళ్దాం. ఈ వారమే పత్రిక చేతికొచ్చిన వాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు చెప్పాలి, తక్కినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

అనంతగిరి కొండల్లో ఒక జూనియర్ కాలేజీ. అందులో కృపావతి బోటనీ చెబుతుంది. వయసు ఇరవై తొమ్మిది. ఉద్యోగం కాంట్రాక్టు, ఏటేటా ప్రిన్సిపాల్ సంతకం పడితేనే నిలుస్తుంది, ఆ సంతకం పడాల్సిన నెల ఇదే. కరోనా రోజుల్లో మొదలైన ఆన్‌లైన్ చర్చలు ఆ కాలేజీలో ఇంకా నడుస్తున్నాయి. పిల్లలు ఫోన్లో రాస్తారు. రాసింది ముందు మోడరేటర్‌కి వస్తుంది. మోడరేటర్ చదివి ఆమోదిస్తే అందరికీ కనిపిస్తుంది. అప్పుడు తోటి పిల్లలు దాని కింద మాటలు రాయొచ్చు, లేదా బొటనవేలో, గుండెకాయో, నవ్వు మొహమో పెట్టొచ్చు. పిచ్చి రాతలు తీసెయ్యడం, హద్దు మీరినవాళ్ళని మందలించడం మోడరేటర్ పని. ఎవరూ వద్దనుకున్న ఆ పని కాంట్రాక్టు మేడం నెత్తిన పడింది.

రెండు వారాల కిందట "మీకు దగ్గరైన ఒక చెట్టు గురించి రాయండి" అని కృపావతి అడిగింది. పై ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే సుక్రు ఇలా రాశాడు.

"మా ఇంటి ఎనకాల జీలుగు చెట్టు ఉంది. నేను పుట్టినప్పుడు అమ్మకి జొరం వచ్చి పాలు ఎండిపోయాయి. అయ్య తెల్లారగట్ల చెట్టెక్కి తియ్యటి నీరు దింపేవాడు. ఎండకి పులిసిపోకముందే దూదిలో ముంచి నా నోట్లో పిండేవారు. అయ్య ఇప్పుడు లేడు. చెట్టు ఉంది. నాకు ఇద్దరమ్మలు. ఒకమ్మ నడుస్తుంది, ఒకమ్మ నిలబడి ఉంటుంది."

దాని కింద ముప్పై మూడు నవ్వు మొహాలు వచ్చి పడ్డాయి. జీలుగు నుంచి కల్లు దింపుతారు కదా, అదీ వాళ్ళకి నవ్వులాట. "కల్లు బాబు" అని ఒకరు రాస్తే పది మంది అందుకున్నారు. సుక్రు పెట్టె సర్దుకుని కొండెక్కి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. కృపావతికి ఒళ్ళు మండిపోయింది. ఆ మాటలన్నీ తీసేసింది, నవ్వు మొహాలు పెట్టే వీలే లేకుండా చేసింది. నవ్విన వాళ్ళలో ముందున్న పిల్ల ప్రసన్న అని తేల్చి, వారం పాటు చర్చలోంచి బయట పెట్టి, క్షమాపణ రాయించి, అది పేజీ నెత్తిన అందరికీ కనిపించేలా తగిలించింది. ప్రసన్న ఎవరంటే, బజార్లో పెద్ద కిరాణా కొట్టున్న సన్యాసిరావు కూతురు. ఆ సన్యాసిరావే ఇప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని ఉన్నాడు.

ఇక లోపలికి పదండి.

గదిలో నలుగురున్నారు. బల్ల వెనక ప్రిన్సిపాల్ దుర్గాప్రసాద్. ఆయన విజయనగరం వైపు మనిషి, మాట మెత్తన, గొడవంటే భయం, పైవాళ్ళు తనిఖీకి వస్తున్నారంటే ముందు రోజే జలుబు చేస్తుంది. బల్లకి ఇవతల సన్యాసిరావు. అతని కుర్చీ పక్కన ప్రసన్న నిలబడి గోళ్ళు చూసుకుంటోంది. నాలుగో మనిషిని చూసి కృపావతి అడుగు ఆగిపోయింది. గోడ వారన, కుర్చీ ఇచ్చినా వద్దని నేల మీద కూర్చుని ఉంది రత్నాలు, సుక్రు తల్లి.

ఆమె ఎందుకొచ్చిందో దుర్గాప్రసాద్ చెప్పారు. సుక్రు పదో తరగతి సర్టిఫికేట్ కావాలట. మేనమామ మంగ్లుతో రొయ్యల చెరువుల పనికి పోతున్నాడు, అక్కడ వయసు రుజువు అడుగుతారట. ఒంటిగంట బస్సు. కుర్రాడు కింద రోడ్డు మీద బస్సులు ఆగే చోట మామతో కూర్చున్నాడు, తల్లి కాగితం పట్టుకెళ్ళి చేతికివ్వాలి. గోడ మీద గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. కృపావతి ఈ రెండు వారాల్లో రెండుసార్లు సుక్రు ఊరికి కొండెక్కి వెళ్ళింది. ఒకసారి అడవికి పోయాడన్నారు, ఒకసారి పడుకున్నాడన్నారు. ఇంటర్ రెండో ఏడు, పరీక్షలకి మూడు నెలలు కూడా లేవు. ఈ బస్సు ఎక్కితే వాడు మళ్ళీ పుస్తకం పట్టడు. ఆమె క్లాసులో అలాంటి ఖాళీలు ఇప్పటికే నాలుగున్నాయి.

"ఒక్క పావుగంట ఆగండి సార్, ఆ కాగితం ఇవ్వకండి" అంది కృపావతి.

"పావుగంట నాక్కావాల మేడం గారూ" అన్నాడు సన్యాసిరావు. "నా లెక్క తేలాక మీ లెక్క చూసుకోండి. మా గుంట మొదట నవ్విందని మీరు రాయించేరు. పేజీ నెత్తిన అంటించేరు. మా కొట్టుకొచ్చే ప్రతోడూ ఏటండీ మీ అమ్మాయి అని అడుగుతున్నాడు. అది నవ్వలేదని నేనన్ను. నవ్వింది. మొదట నవ్వలేదంటోంది. ఎవరు మొదట నవ్వేరో ఆ మిషన్లో ఉంటాది కదా, తీయండి చూద్దాం."

దుర్గాప్రసాద్ గొంతు సవరించుకున్నారు. అయిపోయిందేదో అయిపోయింది, ఆ క్షమాపణ తీసేద్దాం, అందరం మరిచిపోదాం అని ఆయన సన్నాయి నొక్కులు నొక్కారు. సన్యాసిరావు ఒప్పుకునేవాడే. ఎవరు వద్దన్నారో తెలుసా? మన కృపావతి. ఆమెకి కోపం వస్తే ఎదుటివాళ్ళ కంటే ముందు తన కాళ్ళే నరుక్కుంటుందని ఈ సీరియల్ మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. ఒక పిల్లాడు చదువు మానేసి పోతుంటే మరిచిపోవడం ఏమిటని ఆమె అడిగింది. జాబితా తీయండి సార్, అందరి ముందూ తీయండి, అని పట్టుబట్టింది.

ఆ జాబితా ఆమె చూడలేదు. ఆమె చూసింది పోస్టు కింద కనిపించే పేర్ల వరస. అందులో తన పేరు తనకి కనిపించదు, తక్కిన వాళ్ళలో ప్రసన్న పేరు మొదట ఉంది. ఎవరు ఏ నిమిషంలో ఏం నొక్కారో చూపించే అసలు జాబితా ప్రిన్సిపాల్ ఖాతాలోనే తెరుచుకుంటుంది. దుర్గాప్రసాద్ కంప్యూటర్ ముందుకి జరిగి, రెండుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టి, మూడోసారి తెరిచారు. తెర అటు తిప్పమని సన్యాసిరావు అడిగాడు. ఆయన తిప్పలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"సిస్టమ్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది" అన్నారు.

సన్యాసిరావు లేచి, తెరని బల్లకి రెండు వైపులా కనబడేలా తనే పక్కకి తిప్పేశాడు.

మంగళవారం సాయంత్రం 6.12, నవ్వు మొహం, కృపావతి, మోడరేటర్. మంగళవారం సాయంత్రం 6.14, నవ్వు మొహం, ప్రసన్న. ఆ కింద ముప్పై ఒక్క పేర్లు ఉన్నాయి. వాటిని ఎవరూ చదవలేదు.

కృపావతి ముందు అది అబద్ధమనుకుంది. తన పేరుతో ఎవరో చేశారనుకుంది. సన్యాసిరావు ఎవరికో ముట్టజెప్పాడనుకుంది. మనిషికి తన తప్పు కనిపించే ముందు లోకంలో ఉన్న తప్పులన్నీ కనిపిస్తాయి. ఆ తర్వాత 6.12 అన్న అంకె దగ్గర ఆమె చూపు ఆగింది. ఆ మంగళవారం ఆ వేళకి తను ఎక్కడుందో గుర్తొచ్చింది.

ఆమె ఉండే క్వార్టర్ పల్లంలో ఉంది, అక్కడ సిగ్నల్ ఉండదు. కాఫీ తోట దాటి మిరియాల పాదులున్న గట్టెక్కితే ఒక బండ ఉంది, దాని మీద నిలబడితే దొరుకుతుంది, అదీ గాలివాటు. కొండ మీద ఫోను వాడేవాళ్ళందరికీ ఒక అలవాటుంది. నొక్కి ఊరుకోరు. నొక్కి, మళ్ళీ నొక్కి, ఇంకో రెండుసార్లు నొక్కి, చెయ్యి పైకెత్తి పట్టుకుంటారు. సిగ్నల్ తగిలినప్పుడు ఏదో ఒక నొక్కు పనిచేస్తుందని నమ్మకం. పట్నంలో ఉన్నవాడు చక్రం తిరగడం ఆగేదాకా చూస్తాడు, ఇక్కడ ఆ చక్రాన్ని నమ్ముకుంటే తెల్లారిపోతుంది. ఆ సాయంత్రం ఇరవై ఆరు పోస్టులు ఆమె కోసం కాచుకుని ఉన్నాయి. చినుకులు మొదలయ్యాయి. ఒక్కో పోస్టుకీ ఆమోదం గుర్తు మీద నాలుగేసి నొక్కులు నొక్కుతూ, చున్నీ ఫోను మీద కప్పుకుంటూ ఆమె గబగబా పని కానిచ్చేసింది. ఆమోదం పడగానే ఆ గుర్తు మాయమై, ఆ చోటికి కింది నుంచి మొహాల వరస జరిగి వస్తుంది. ఆలస్యంగా అందిన నొక్కు ఒకటి ఆ వరస మీద పడింది. దాని కింద ఏ మొహం ఉందో ఆమె చూడలేదు.

సుక్రు మాత్రం చూశాడు.

"ఇది పొరపాటు నొక్కు" అన్నారు దుర్గాప్రసాద్ చప్పున. ఆయనకి ఆమె చెప్పకుండానే అర్థమైంది, ఆయనా ఆ కొండ మీదే ఫోను వాడతారు మరి. ఇలాంటివి లెక్కలోకి రావనీ, ఆ ఒక్క వరసా తీసేస్తే సరిపోతుందనీ, తన ఖాతాలో ఆ వీలుందనీ, సన్యాసిరావు గారి అమ్మాయి క్షమాపణ కూడా ఇప్పుడే తీసేస్తాననీ, దాంతో రెండు వైపులా మర్యాద నిలబడుతుందనీ ఆయన గబగబా చెప్పారు. చెబుతూనే మౌస్‌ని ఆ వరస మీదికి జరిపారు.

సన్యాసిరావు తన ఫోను తీసి తెరని ఫొటో తీసుకున్నాడు. "తీసేయండి. నా దగ్గరుంటాది" అన్నాడు.

అప్పటిదాకా గోళ్ళు చూసుకుంటున్న ప్రసన్న తలెత్తింది. ఆ పిల్ల కళ్ళల్లో గెలిచిన సంతోషం ఉంటుందని కృపావతి అనుకుంది. లేదు. ఏడుపు ఆపుకుంటోంది.

"నేను ముందు నవ్వలేదు మేడం. చదివి ఊరుకున్నాను. ఆ దూది దగ్గర నాకు అదోలా అయింది. కిందకి చూస్తే మీరు నవ్వినట్టుంది. మేడమే నవ్వేరు కదా, ఇది నవ్వే విషయం కాబోలనుకున్నాను. మీకా రోజే చెప్పబోయాను. మీరు నోరుముయ్యమన్నారు."

అన్న మాట నిజమే. స్టాఫ్ రూమ్ ముందు, పది మంది పిల్లల మధ్య కృపావతి అంది. కూర్చోవాలనిపించింది, కుర్చీ లేదు. ప్రసన్న చేత ఆ క్షమాపణ మూడుసార్లు తిరగరాయించింది తను. మొదటిసారి రాసినదాంట్లో పశ్చాత్తాపం చాల్లేదని చింపేసింది కూడా.

ఇప్పుడు ఆమె ముందున్న సంగతి మీకూ నాకూ తెలుసు. నోరు మెదపకుండా నిలబడితే చాలు. దుర్గాప్రసాద్ ఆ వరస చెరిపేస్తారు, సన్యాసిరావు ఆ ఫొటో చూపించి కొన్నాళ్ళు దెప్పుతాడు, నెలాఖరుకి సంతకం పడుతుంది. పొరపాటు నొక్కు అనడం అబద్ధం కూడా కాదు. నేనైతే ఏం చేసేవాణ్ణో నన్ను అడక్కండి.

రత్నాలు గోడ దగ్గర్నుంచి అడిగింది, "ఏటైనాదమ్మా? ఆ పెట్టిలో ఏటుంది?"

దుర్గాప్రసాద్ సర్టిఫికేట్ల ఫైలు తెరిచారు, ఆమెని త్వరగా పంపించెయ్యాలని. కృపావతి వెళ్ళి రత్నాలు ఎదురుగా నేల మీద కూర్చుంది. తెలుగులో మొదలుపెట్టి రెండు మాటలకే ఆగిపోయింది. తర్వాత వాళ్ళిద్దరి ఇళ్ళల్లోనూ మాట్లాడే ఆదివాసీ ఒడియాలో చెప్పింది. మీ అబ్బాయి రాసినదాని కింద మొదటి నవ్వు నాది. కావాలని పెట్టలేదు, చెయ్యి పడింది. కానీ అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. వాడు రాసింది నేను చదవకుండానే పంపించాను. చదివి పంపించడమే నా పని. వానొస్తోందని, సిగ్నల్ పోతుందని, ఇరవై ఆరింటినీ చదవకుండా తోసేశాను. అందరూ నవ్వాక, గొడవయ్యాక అప్పుడు చదివాను. చదివి ఏడ్చాను. అప్పటికి వాడు వెళ్ళిపోయాడు.

ఈ మాటలు గదిలో తక్కిన ముగ్గురికీ అర్థం కాలేదు. చెబుతున్నంతసేపూ రత్నాలు ఆమె మొహమే చూస్తూ ఉంది. చెప్పడం అయ్యాక తెలుగులోనే, అందరికీ వినబడేలా అంది.

"నాకు తెలుసు. గుంటడు ఇంటికొచ్చిన రేతిరే సెప్పినాడు. అందరూ నవ్వితే నవ్వనీ, మన మేడం కూడా నవ్వినాదమ్మా, అన్నాడు. మన మేడం అన్నాడు సూడు. నువ్వు రెండు తడవలు మా ఊరొచ్చినావు. నాను సెప్పనేదు. ఇందాకటి నుంచి ఈడ కూకున్నాను. అప్పుడూ సెప్పనేదు. నువ్వే నీ నోటితో సెప్తావో నేదో సూద్దారని ఊరుకున్నాను."

కృపావతి ఆమె చేతులు పట్టుకోబోయింది. రత్నాలు చేతులు ఇవ్వలేదు. క్షమించేశానని ఆమె అనలేదు, అనడానికి తొందరేమీ పడలేదు. గడియారం వైపు చూసి, గుంటడికి సెప్పు, నాకు సెప్తే ఏటొస్తాది, అంది.

కింద రోడ్డుకి నడిచి వెళ్ళాలంటే కృపావతికి ముప్పావుగంట, అడ్డదారిన దూకుతూ దిగే రత్నాలుకైతే పావుగంట. బస్సుకి ఇంకా ముప్పై ఐదు నిమిషాలుంది. ఫోను చేస్తే వాడు ఎత్తడు, ఇప్పటికి అరవైసార్లు చేసింది. కృపావతి ఫోను తీసి చర్చ పేజీ తెరిచింది. బస్సులు ఆగే చోట సిగ్నల్ ఉంటుంది. వాడు రాయడం మానేశాడేమో గానీ చూడటం మానేసి ఉండడని ఆమెకి ఎక్కడో ఆశ.

ఆమె ఏం చెయ్యబోతోందో కనిపెట్టిన దుర్గాప్రసాద్ మెత్తని మాట మొదటిసారి గట్టిపడింది. కాలేజీ పరువు పేజీ మీద పెట్టడానికి వీల్లేదన్నారు. ఈ పేజీ పైవాళ్ళు కూడా చూస్తారని, మోడరేటరే నవ్విందని, చదవకుండా పంపించిందని ఆమె తన చేత్తో రాసిస్తే తను సంతకం ఎలా పెట్టగలనని అడిగారు. ఆమె టైపు చేస్తూనే ఉంది. ఆయన కంప్యూటర్లో ఏదో నొక్కారు.

"ఇప్పట్నుంచి మీరు మోడరేటర్ కాదు, కృపావతి గారూ. ఆ బాధ్యత నేను తీసుకున్నాను."

ఆమె రాయడం ముగించి పంపింది. ఫోను మీద చిన్న అక్షరాల్లో వచ్చింది, మీ పోస్టు ఆమోదం కోసం వేచి ఉంది అని. పిల్లల పోస్టులకి వచ్చే మాటే అది. రెండేళ్ళుగా వాళ్ళ చేత ఆమె చేయించిన ఎదురుచూపు ఎలా ఉంటుందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. దుర్గాప్రసాద్ తెర మీద చదువుకుని చేతులు కట్టుకున్నారు. ఆమోదించే ఉద్దేశం ఆయనకి లేదు.

సాయం ఎటునుంచి వచ్చిందో వింటే మీరు నమ్మరు. సన్యాసిరావు కుర్చీ లాక్కుని బల్ల దగ్గరికి జరిగాడు.

"మా గుంట రాసిన క్షమాపణ వారం రోజులు నెత్తిన పెట్టేరు. మేడం గారు రాసింది కూడా పెట్టండి. నేకపోతే ఈ ఫొటో, మీరు చెరపబోయేరన్న మాటతో సహా, నేనే ఊరంతా పంపుతాను. మేడం గారు రాసిందే నయం కదా సార్, అందులో మీ పేరు నేదు."

అతనికి సుక్రు మీద ప్రేమేం లేదు. కృపావతి పరువు పోవడం కళ్ళారా చూడాలి, అంతే. కోపం కూడా ఒక్కోసారి మంచి పని చేసి పెడుతుంది. దుర్గాప్రసాద్ అటూ ఇటూ చూసి, ఏది తక్కువ నష్టమో మనసులో తూచుకుని, ఆమోదించారు. పన్నెండు ముప్పై ఆరుకి నూట నలభై మంది ఫోన్లలో ఈ మాటలు కనిపించాయి.

"సుక్రు రాసిన జీలుగు చెట్టు పోస్టుకి మొదట నవ్వు మొహం పెట్టింది నేను. చెయ్యి జారి పడింది, కానీ పడింది. వాడి పోస్టు చదవకుండా ఆమోదించాను. ప్రసన్నని మొదట నవ్విన పిల్ల అని తప్పు పట్టాను, నోరుముయ్యమన్నాను. ప్రసన్నా, నన్ను క్షమించు. సుక్రూ, నీ రాత ఈ రెండేళ్ళలో నా క్లాసులో ఎవరూ రాయనంత బాగుంది. చదివి చెప్పాల్సిన మాట, ఇంత ఆలస్యంగా చెబుతున్నాను. బస్సెక్కకు. ఎక్కినా నేను ఏమీ అనుకోను, కానీ ఎక్కకు. మీ మేడం."

నవ్వు మొహాలూ గుండెకాయలూ మళ్ళీ పెట్టుకునేలా వీలు తెరవమని ఆమె దుర్గాప్రసాద్‌ని అడిగింది. ఎలాగూ పోయిన పరువేగా అన్నట్టు ఆయన తెరిచారు. అందరూ చూస్తూ కూర్చున్నారు. ఒక్క నిమిషం ఏమీ లేదు. రెండు నిమిషాలు. చదివిన వాళ్ళ అంకె పెరుగుతోంది, ఎనిమిది, పందొమ్మిది, ముప్పై, నవ్వు గానీ ఏడుపు గానీ ఎవరూ పెట్టలేదు. ప్రసన్న తన ఫోను తీసి ఏదో నొక్కబోయి, తండ్రి వైపు చూసి, ఆగిపోయింది. రత్నాలు మోకాళ్ళ మీద సంచీ పెట్టుకుని లేవడానికి సిద్ధంగా ఉంది.

"నేను పోవాల. బస్సు ఎల్లిపోతే మా తమ్ముడు నన్ను తిడతాడు. ఆ కాగితం ఇయ్యండి."

దుర్గాప్రసాద్ సర్టిఫికేట్ తీసి ఆమెకి అందించారు. రత్నాలు దాన్ని మడతపెట్టకుండా జాగ్రత్తగా సంచీలో పెట్టుకుంది. అప్పుడు కంప్యూటర్ చిన్నగా మోగింది.

ఆమోదం కోసం ఒక పోస్టు వచ్చింది. రాసినవాడు సుక్రు.

కృపావతి ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చింది. మోడరేటర్ కాదు గనక ఆమె ఫోన్లో అది కనబడదు, ఇప్పుడు ఆ పోస్టు తెరవగలిగింది దుర్గాప్రసాద్ ఒక్కరే. ఆయన చదివారు. చదవడం మొదలుపెట్టినప్పటి మొహం ముగించేసరికి లేదు. మౌస్ మెల్లిగా కిందికి జరిగింది, ఆమోదించు అన్న మాట దాటి, తొలగించు అన్న మాట దగ్గరికి.

"ఏమన్నాడు సార్?" అంది కృపావతి.

"ఏం లేదు. రానంటున్నాడు. పిల్లాడు కదా, ఏదో కోపంలో రాశాడు. ఇది ఎవరూ చూడక్కర్లేదు."

తెర ఇందాక సన్యాసిరావు తిప్పినట్టే ఉందన్న సంగతి ఆయన మరిచిపోయారు. దాని ఎదురుగా, కృపావతికి అడ్డంగా నిలబడి ఉన్నది ప్రసన్న. ఆ పిల్ల ఎప్పుడు చదవడం మొదలుపెట్టిందో ఎవరూ గమనించలేదు. రత్నాలు ఆమె వైపు తిరిగి, ఆ గదిలో అక్షరం రాని మనిషి తనొక్కతే అయినా ఏమాత్రం తడబడకుండా అడిగింది.

"మా గుంటడు ఏటి రాసినాడమ్మా? పైకి సదువు."

ప్రసన్న ప్రిన్సిపాల్ వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. తర్వాత తెర వైపు తిరిగి, క్లాసులో పాఠం చదివినట్టు పైకి చదివింది.

"మేడం గారు, మీ చెయ్యి పడి ఉంటుందని నేను ఆ రోజే అనుకున్నాను. మా అందరి చేతులూ అలాగే పడతాయి. బాధేసింది, కానీ నేను వెళ్ళిపోయింది దానికి కాదు. అమ్మకి సగమే చెప్పాను."

కృపావతి గుండె ఒక్క క్షణం తేలికపడింది. ఆ తేలిక తెలిసి ఆమెకే సిగ్గేసింది.

"మర్నాడు ప్రిన్సిపాల్ సార్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశారు. ఒక కాగితం మీద నా చేత..."

తెర నల్లబడిపోయింది. దుర్గాప్రసాద్ చెయ్యి గోడ మీది స్విచ్ దగ్గర ఉంది. కరెంటు పోయిందని ఆయన అన్నారు, ఫ్యాను ఆయన నెత్తి మీద తిరుగుతూనే ఉంది.

రత్నాలు సంచీలోంచి సర్టిఫికేట్ బయటికి తీసి, బల్ల మీద ఆయన ముందు పెట్టి, ఇందాక వద్దన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది నాకొద్దు. ఆ రెండో కాగితం తియ్యి బాబూ."